విమానమెక్కిన ఒడిబియ్యం

మా కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లను ఏ విమానాశ్రయంలోనైనా ఇట్టే పోల్చుకోవచ్చు. ముందు అట్టడబ్బా కనిపిస్తుంది, తర్వాత దాని వెనక మనిషి. డబ్బా చుట్టూ నైలాను తాడు అడ్డంగా, నిలువుగా, అదీ చాలదని మూలల మీదుగా కూడా బిగించి ఉంటుంది. పైన నల్ల మార్కరుతో పేరు, ఊరు, ఫోన్ నంబరు. లోపల ఏముందని అడిగితే మోసుకెళ్లే మనిషికే సగం తెలియదు. ఎందుకంటే అందులో సగం వాళ్లది కాదు, వాడకట్టుది.

నేను ఆ గుంపులో కలవను. మా ఆయన మస్కట్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్. పెళ్లైన కొత్తలో కొన్నాళ్లు కామారెడ్డిలో అత్తగారింట్లో ఉండి, తర్వాత నేనూ ఆయన దగ్గరికి వెళ్లిపోయాను. అక్కడ రెండు గదుల ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. రెండేళ్లకోసారి సెలవుకు వస్తాం. వచ్చినా పోయినా నా సామాను ఒక చిన్న చక్రాల పెట్టె, భుజానికో సంచి. ఆ పెట్టె కూడా విమానంలో నాతోపాటే, నా తల మీది అరలో ప్రయాణం చేస్తుంది. మా బిల్డింగులో ఆడవాళ్లు "ఆమెకేంది, చేతులూపుకుంట పోతది, చేతులూపుకుంట వస్తది" అని ఎకసెక్కాలాడతారు. ఆడనీ. వాళ్లు సామాను వచ్చే బెల్టు దగ్గర మెడలు సాచి నిలబడి ఉన్నప్పుడు నేను టాక్సీలో సగం దారిలో ఉంటాను.

ఈ బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ డబ్బా కట్టించుకునే పోయాను. బెల్టు మీద వచ్చిన డబ్బాలన్నిటికీ ఒకటే రంగు తాడు, ఒకటే రకం ముడి. నాది ఎవరో పట్టుకుపోయారు. చాలా రోజులకు తిరిగొచ్చింది గానీ, అప్పటికి మామిడికాయ తొక్కు నూనె కారి నా పట్టుచీర అంచు దాకా పాకింది. ఆ మరక ఇప్పటికీ పోలేదు. ఎన్ని సబ్బులు మార్చానో నాకే తెలుసు.

అప్పటి నుంచి సామాను విషయంలో నేను మహా కఠినం. మనిషన్నాక కట్టుకోవడానికి ఒక చీర, ఉతకడానికి ఒకటి, ఆరేయడానికి ఒకటి చాలు. నాలుగోది ఎవరి కోసం? బట్టలు మడత పెట్టను, చాపలా చుడతాను. మందులు, తాళంచెవులు, ఒక జత బట్టలు భుజం సంచిలోనే ఉంటాయి. పాత ప్రయాణంలో అంటించిన చీటీలు పీకి పారేస్తాను, లేకపోతే పెట్టె పాత ఊరికే పోయినా పోతుంది. ఫోన్ నంబరు పెట్టె పైనే కాదు, లోపల కూడా ఒక కాగితం మీద రాసి పెడతాను. పిడికి ఒక చిలకపచ్చ జాకెట్ ముక్క కడతాను. కుట్టేదాన్ని, ముక్కలకేం కరువు. ఇక అన్నిటికన్నా పెద్ద సూత్రం, పోగొట్టుకోకూడనిది ఏదైనా సరే మన చేతిలోనే ఉండాలి. ఇవన్నీ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్తూ ఉంటాను. మా ఆయన అవతలి గదిలోకి వెళ్లిపోతాడు.

నా సామాను తేలిక చేయడం ఒక ఎత్తు, ఊళ్లోవాళ్ల సామాను ఒప్పుకోకపోవడం ఇంకో ఎత్తు. నేను సెలవు ముగించుకుని బయల్దేరుతున్నానని తెలిస్తే చాలు, కామారెడ్డి ఇంటికి మనుషులు వచ్చేస్తారు. "మా పిలగానికి గింత కారప్పొడి", "మా ఆయనకు రెండు కట్టలు బీడీలు", "జర ఈ సకినాలు పట్కపో బిడ్డా, చూరచూర చేయకు". అన్నీ కొంచెమే. కొంచెం కొంచెం కలిస్తే గాడిద మోత. కాదంటే మొహం మాడ్చుకుంటారు. అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. బయల్దేరే ముందు రోజుల్లో పెట్టెలో ఒక దిండు కుక్కి మూత తెరిచి పెడతాను. వచ్చినవాళ్లు చూసి, "అబ్బ, నిండిపోయింది పాపం" అనుకుంటూ వాళ్లంతట వాళ్లే వెనక్కి తగ్గుతారు. పొద్దున బయల్దేరేటప్పుడు దిండు మంచం మీదికి, చీరలు పెట్టెలోకి.

ఈ దిండు సంగతి మా అత్తమ్మకు తెలుసు. ఆమె కామారెడ్డిలో, రైల్వే స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో మా మరిది వాళ్లతో ఉంటుంది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన చేయి ఆమెది. మాట కూడా అట్లాగే, పొట్టిగా, బిగించి చుడుతుంది. వాడకట్టు ఆడవాళ్లు నా పెట్టె చూసి వెనక్కి పోతుంటే గుమ్మంలో కూర్చుని ఏమీ ఎరగనట్టు బీడీ ఆకు కత్తిరించుకునేది. వాళ్లు గల్లీ మలుపు తిరిగాక మాత్రం, "నీ దిండుకు కూడ టిక్కెట్టు తియ్యి" అనేది. మస్కట్ రమ్మని మేం ఆమెను పిలవని ఏడాది లేదు. పాస్‌పోర్టు కూడా తీయించాం. అది బీరువాలో చీరల కింద నిద్రపోయేది. "ఆడ నాకేం పనుంది? ఎవరన్న పని లేకుంట గాలిల ఎగురుతరా?" అనేది.

సామాను దగ్గర అంత కఠినంగా ఉండే నాకు పోయిన సెలవులో ఒక పెద్ద చిక్కు వచ్చి పడింది. ఎల్లారెడ్డిలో మా అన్న నాకు ఒడిబియ్యం పోస్తానన్నాడు.

మా తెలంగాణలో పుట్టింటివాళ్లు ఆడపిల్లకు కొన్నేళ్లకోసారి ఒడి నింపుతారు. పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఆమె కొంగులో పోస్తారు. దాంట్లో కుడుకలు, అంటే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, ఒక రవికె గుడ్డ ఉంటాయి. ఆ బియ్యం అత్తగారింటికి తీసుకుపోయి, మంచిరోజు చూసి వండి, నలుగురిని పిలిచి పెట్టాలి. అప్పుడే ఆ ఒడి నిండినట్టు. ఇన్నేళ్లూ మా అమ్మ పోసేది. నేను ఆ బియ్యం కామారెడ్డిలో అప్పజెప్పి విమానం ఎక్కేదాన్ని. అత్తమ్మ తర్వాత మంచిరోజు చూసి వండేది, వాడకట్టు తినేది. ఎవరెవరు వచ్చారో, బెల్లమన్నం ఎట్లా కుదిరిందో నేను ఫోన్‌లో వినేదాన్ని. నా పేరు మీద పోసిన బియ్యం నా పొయ్యి మీద ఒక్కసారి కూడా ఉడకలేదు.

అమ్మ పోయింది. అన్న పోస్తున్న మొదటి ఒడి ఇది. ఈసారి మాత్రం ఈ బియ్యం మస్కట్ తీసుకుపోయి నా ఇంట్లో నేనే వండాలని గట్టిగా అనుకున్నాను. మా బిల్డింగులో నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఆడవాళ్లున్నారు. ఎవరికీ అక్కడ పుట్టిల్లు లేదు, అత్తగారిల్లూ లేదు. వాళ్లందరినీ కూర్చోబెట్టి పెట్టాలి. అన్నేళ్లు కాపురం చేసిన ఆ రెండు గదులను ఊళ్లో ఎవరూ ఇల్లనరు, "రూము" అంటారు. "మీ రూముల కరెంటుంటదా, మీ రూముల నీళ్లొస్తయా" అని అడుగుతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఒడిబియ్యం ఉడికిన చోటును ఎవరైనా రూము అనగలరా?

మా అన్న ఎల్లారెడ్డిలో మక్కలు, అంటే మొక్కజొన్నలు, వడ్లు కొంటాడు. ఇంటి ముందరి గదే దుకాణం. లింగంపేట వైపు నుంచి వచ్చే మక్కల బస్తాలు పొద్దంతా అక్కడి కాంటా మీద ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. బస్తా చూడగానే బరువు చెప్పే మనిషి, ఆ రోజు పీట మీద నన్ను కూర్చోబెట్టి దోసిలి పట్టేసరికి తడబడ్డాడు. అమ్మ దోసిలి చిన్నది, బియ్యం సన్నగా జారేవి. అన్న దోసిలి చేట అంత. మొదటిసారి పోసినప్పుడే నా కొంగు దబ్బున కిందికి గుంజుకుపోయింది. "మెల్లగ పొయ్యిండ్రి, బస్తల పోసినట్టు పోస్తున్నరు" అని వదిన కసిరింది. అందరం నవ్వాం. అన్న మాత్రం నవ్వలేదు. మళ్లీ దోసిలి నింపి, ఈసారి చాలా నిదానంగా, అమ్మ పోసినట్టే పోశాడు. "సల్లగుండు చెల్లె" అన్నాడు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరం ఏడ్చేవాళ్లం.

ఒడి విప్పి బియ్యం తువ్వాలులో కట్టేటప్పుడు కుడుకల దగ్గర పేచీ వచ్చింది. కుడుకలను విమానం ఎక్కనివ్వరు. వాటిలో నూనె ఉంటుంది, నిప్పు అంటుకుంటుందని వాళ్ల భయం. గల్ఫ్ దారి తెలిసినవాళ్లందరికీ ఇది తెలుసు. వదినకు చెప్పాను.

"కుడుకలు లేకుంట ఒడి ఏంది?" అంది వదిన.

"ఒడిల పోసిన్రు గద వదినా. అయిపోయింది. ఇగ తీసెయ్యి. పిల్లలకు పంచు."

"ముట్టుకుంటనే కాలిపోతదా విమానం?"

"మనకు తెల్వదు, వాళ్లకు తెలుసు. తీసెయ్యి."

వదిన ముఖం చిన్నబుచ్చుకుని కుడుకలు ఏరి పళ్లెంలో వేసింది. నేను కళ్లారా చూశాను. తర్వాత అన్నం తినడానికి లోపలికి వెళ్లాను.

బియ్యం బరువు కదా, నా చిన్న పెట్టెకు అది మించిన పని. అన్న తన పాత పెద్ద పెట్టె దులిపి ఇచ్చాడు. బియ్యం మూట, కొత్త చీర, రవికె గుడ్డ అందులో పెట్టి, దాన్ని తీసుకుపోయి కాంటా మీద పెట్టాడు. మక్కలమ్మడానికి వచ్చిన ఒక ముసలాయన అటూ ఇటూ చూసి, "ఇది ఏం పంట?" అని అడిగాడు. "ఆడబిడ్డ పంట" అన్నాడు అన్న. ఆ మాటకు ఆయన మురిసిపోయి కాంటా ముల్లును వంగి చూశాడు. విమానంవాళ్లు ఒప్పుకునే బరువులో అది సగం కూడా లేదు. ఇంత తేలికగా ఇంత పెద్ద కార్యం కుదిరిందని నాకు సంబరమైంది.

కామారెడ్డిలో సంబరం దిగిపోయింది. అత్తమ్మ పెద్ద పెట్టె చూసి, "బియ్యం దేవుని కాడ పెట్టు" అంది. తీసుకుపోతున్నానని చెప్పాను. ఆమె చేటలోని బీడీ ఆకులు పక్కన పెట్టింది.

"యాడికి?"

"మస్కట్‌కు. నా ఇంట్ల నేను వండుకుంట అత్తమ్మా, ఈసారి."

"ఒడిబియ్యం అత్తగారింట్ల ఉడకాలె. కిరాయి రూములల్ల కాదు."

ఆమె నోటి నుంచి కూడా అదే మాట. జవాబు చెప్పేదాన్నే, కానీ పక్కన తోటికోడలు ఉంది. ఆ పూటంతా ఇంట్లో గిన్నెల చప్పుడే వినిపించింది. సాయంత్రం నేను చాయ్ ఇస్తుంటే, "నీ ఒడి, నీ ఇష్టం. తీస్కపో" అని మాత్రం అంది. ఒప్పుకున్నట్టూ లేదు, వద్దన్నట్టూ లేదు. నేను ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాను.

పొద్దున బయల్దేరాం. సంవత్సరాల తర్వాత నేను పెద్ద పెట్టెను కౌంటరులో అప్పగించి చీటీ తీసుకున్నాను. చిలకపచ్చ ముక్క కట్టాను, ఫోటో తీశాను, లోపల నంబరు పెట్టాను. అన్నీ చేశాను. మస్కట్‌లో దిగి, నేను ఇన్నాళ్లూ వెక్కిరించిన బెల్టు దగ్గర అందరితోపాటు మెడ సాచి నిలబడ్డాను. డబ్బాలు వచ్చాయి, ఎవరివి వాళ్లు లాక్కున్నారు. బెల్టు ఖాళీగా ఇంకా కాసేపు తిరిగి ఆగిపోయింది. మా ఆయన నా వైపు చూసి ఏదో అనబోయి మానుకున్నాడు. అది ఆయన చేసిన మంచి పని.

అక్కడి ఉద్యోగిని కంప్యూటర్‌లో చూసి నెమ్మదిగా చెప్పింది. పెట్టె పోలేదు. హైదరాబాద్‌లోనే ఉంది. తనిఖీలో దానిలో ఎక్కించకూడని వస్తువు కనిపించింది, అందుకని ఆపేశారు. ఏ వస్తువు అని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. నా కళ్ల ముందు పళ్లెం నిండా కుడుకలు కనిపించాయి.

బయటికి రాగానే వదినకు ఫోన్ చేశాను. "వదినా, మూటల కుడుకలు పెట్టినవా?"

"రెండే" అంది. "నడిమిట్ల పెట్టిన, కనపడకుంట. అత్తమ్మ ఉంటే కుడుకలు లేకుంట పంపేదా నిన్ను? నీ ఒడి ఉత్తగ పోతుందని నాకు పానం ఒప్పలేదు." ఏడుస్తోంది. ఆమె చెప్పే అత్తమ్మ మా అమ్మ. తిట్టడానికి పట్టుకున్న ఫోన్‌లో నేను ఆమెను ఊరుకోబెట్టాల్సి వచ్చింది. కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ ఆ కుడుకలు పెట్టినప్పుడు ఆమె నాకు అమ్మ స్థానంలో నిలబడి పెట్టింది. దాని మీద ఎట్లా కోపం చేసుకోను?

అన్న నా పాస్‌పోర్టు నకలు పట్టుకుని హైదరాబాద్ వెళ్లి పెట్టె విడిపించుకున్నాడు. కుడుకలు వాళ్లు తీసుకున్నారు, బియ్యం గింజ కూడా తగ్గలేదని ఫోన్ చేశాడు. ఇప్పుడు ఈ బియ్యం ఎక్కడికి పోవాలి? పుట్టింటి గడప దాటిన ఒడి మళ్లీ ఆ గడప తొక్కకూడదు. ఎల్లారెడ్డికి తీసుకుపోలేడు. దారిలోనే కామారెడ్డి. "మీ అత్తమ్మ కాడ దించిపోత" అన్నాడు. ఇంకేమనగలను? దించు అన్నాను.

ఆ రోజు నేను మిషను ముందు కూర్చుని ఒక్క జాకెట్టూ కుట్టలేదు. పిలవాలనుకున్న ఆడవాళ్లకు ముందే చెప్పి పెట్టాను. వాళ్లు మెట్ల మీద ఎదురై "ఎప్పుడు వండుతున్నవ్?" అని అడుగుతుంటే తర్వాత చెప్తానంటూ తప్పించుకున్నాను. చివరికి అత్తమ్మకు ఫోన్ చేశాను. "మీరే వండుండ్రి అత్తమ్మా, ఎప్పటిలెక్కనే" అన్నాను. నా మాటలో ఓడిపోయినదాని చప్పదనం నాకే వినిపించింది.

"చూస్త తియ్యి" అంది.

వండలేదు. ఆ వారం అమావాస్య అంది. తర్వాత మూఢం అంది. ఆ తర్వాత మా మరిది ఊళ్లో లేడంది. నాకు అనుమానం వచ్చింది. వద్దన్నా తీసుకుపోయానని పంతం పట్టిందేమో, వండకుండా నన్ను సాధిస్తోందేమో అనుకున్నాను. మా ఆయనతో కూడా అన్నాను. ఆయన తల గోక్కుని, "నాకొక మాట చెప్పింది, నీకెట్ల చెప్పాల్నో తెల్వక ఊకున్న" అన్నాడు.

"ఏంది?"

"వీసా తీయమంటున్నది. ఈడికి వస్తదంట."

ఇన్నేళ్లు బతిమాలితే కదలని మనిషి. ఎందుకు వస్తోందని అడిగితే, "పనుందంట" అన్నాడు. ఏం పనో ఆయనకూ చెప్పలేదు. నేను ఇల్లంతా కడిగాను, రెండో గదిలో మిషను జరిపి మంచం వేశాను. ఆమె మోకాళ్ల నొప్పుల మనిషి, దానికి తోడు మొదటి ప్రయాణం. ఏమేం మోసుకొస్తుందో, వాడకట్టంతా ఏమేం నెత్తిన పెడుతుందోనని నాకు దిగులు. కాదనడం ఆమెకు రాదు. కనీసం నా దిండు ఉపాయమైనా చేయమని ఫోన్‌లో చెప్పాను. "నీ దిండు నీ తాన్నే ఉంచుకో" అంది.

ఆమె వచ్చే రోజు మధ్యాహ్నం మేమిద్దరం ముందే వెళ్లి నిలబడ్డాం. లింగంపేటకు చెందిన ఒకాయన అదే విమానంలో వస్తున్నాడు, ఆమెను ఆయనకు అప్పజెప్పారు. ఆయన డబ్బాలు బెల్టు మీద వచ్చేసరికి ఎంత ఆలస్యమవుతుందోనని లెక్కలు వేసుకుంటున్నాం. విమానం దిగిన కాసేపటికే, ఇంకా ట్రాలీలు ఒక్కటీ రాకముందే, అద్దాల తలుపు తెరుచుకుంది. మా అత్తమ్మ ఒక్కతే వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులతో ఒక గుడ్డసంచిని పొట్టకు ఆనించుకుని, అటూ ఇటూ చూడకుండా నేరుగా నడిచి వచ్చింది. ఆమె వెనక ఇంకెవరూ లేరు. లింగంపేటాయన లోపల డబ్బాల కోసం నిలబడి, బయటికి దారి చూపించాడట. "నాకు ఎదురుచూసేదేం లేదు గద, వచ్చేసిన" అంది.

"మీ పెట్టె ఏది అత్తమ్మా?"

"ఏం పెట్టె?"

"బట్టల పెట్టె."

"చీరలు నీ తాన లేవా?" అంది. "నీ తాన లేనివే తెచ్చిన."

సంచి అందుకోబోతే ఇవ్వలేదు. కారులో కూడా ఒళ్లోనే పెట్టుకుంది. విమానంలోనూ అట్లాగే పెట్టుకుందట. ఎగిరేటప్పుడు అక్కడి పిల్ల కాళ్ల దగ్గర పెట్టించిందని, ఎగిరాక మళ్లీ ఒళ్లోకి తీసుకున్నానని చెప్పింది. ఇంటికి వచ్చి సంచి విప్పితే పైన ఒక చీర, మోకాళ్ల మందు, కింద అన్న కట్టిన తువ్వాలు మూట, కట్టిన ముడి కట్టినట్టే. పోగొట్టుకోకూడనిది చేతిలోనే ఉండాలని అందరికీ చెప్పే నేను బియ్యాన్ని పెట్టెలో పడేశాను. నా మాట ఎప్పుడూ వినలేదనుకున్న ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని సముద్రం దాటింది.

"గీ బియ్యం కోసం వచ్చిన్రా?" అన్నాను.

"నీ అన్న అంత దూరం పోయి విడిపిచ్చుకొచ్చిండు. నువ్వేమో అన్నం ముట్టనట్టు మాట్లాడినవు ఫోన్ల. నేను ఆడ వండితే ఎవ్వరికి తిన్నట్టయితది?" అంది. కాళ్లు కడుక్కుంటూ, "రేపు మంచిగున్నది. పిలిచేటోళ్లను పిలువు" అంది.

మరునాడు పొద్దున్నే బిల్డింగంతా పసుపు వాసన. వంటగదిలోకి ఆమె రాలేదు. "నువ్వే వండాలె" అని గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. బెల్లమన్నం అడుగంటకుండా చూసుకుంటున్నాను కానీ, నా మనసులో ఒకటే గుబులు. ఆమె బియ్యమైతే తెచ్చింది. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అత్తగారింట్లో ఉడకాలి అన్న మాట. అడగాలని ఉంది. అడిగితే ఏమంటుందోనని భయంగానూ ఉంది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. గుమ్మం ముందు చెప్పులు పేరుకున్నాయి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఆచారాలు బాగా పట్టించుకునే మనిషి, గడప అవతలే ఆగింది. అత్తమ్మకు దండం పెట్టి, కొంచెం సందేహంగా, "ఏమనుకోకుండ్రి అవ్వా. ఒడిబియ్యం అత్తగారింట్ల గద వండాలె. ఈ రూముల వండిన్రేంది?" అని అడిగింది.

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

మా అత్తమ్మ ఆమెను కిందా మీదా చూసింది. "రూము ఏందమ్మా?" అంది. "అత్తను నేను. నా కొడుకు కాపురం ఈడ, నా కోడలి పొయ్యి ఈడ. ఇది అత్తగారిల్లు గాక మరి ఎవరి ఇల్లనుకున్నవ్? లోపటికి రా, మా ఇంట్ల కడుపు నిండ తిను."

ఆవిడ గడప దాటి లోపలికి వచ్చింది. నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. కళ్లు తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు, ఏడుపు ఆపుకోవాలని కూడా అనిపించలేదు. వెనక నుంచి అత్తమ్మ, "ఆకులు ఎన్ని వెయ్యమంటవే?" అని అరిచింది. "అందరికీ వెయ్యుండ్రి" అన్నాను.